అమ్మకు బాగాలేదని చెప్పాను

మా తమ్ముడు హాకీలో గోల్‌కీపర్. పోయిన ఏడాది జూనియర్ జట్టు ఒక అంతర్జాతీయ టోర్నీకి వెళ్ళే ముందు బెంగళూరులో శిక్షణ శిబిరం పెట్టారు. ఇద్దరు గోల్‌కీపర్లను తీసుకెళ్తారు. శిబిరంలో ముగ్గురున్నారు. పుంగనూరు స్కూలు మైదానంలో మొదలైనవాడు అంతదాకా వెళ్ళాడని మా అమ్మ వీధంతా చెప్పుకుంది.

సరిగ్గా అప్పుడే నేను మా పాపకు చెవులు కుట్టించాలనుకున్నాను. నేనుండేది మదనపల్లెలో, మా అత్తగారి కులదేవత గుడి కుప్పం దగ్గర. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. పాపకు ఏడాది నిండే లోపల ఆ ఒక్క ముహూర్తమే కుదిరింది.

"మేనమామ లేకుండా కుట్టిస్తే నలుగురూ ఏమంటారమ్మా? మీ నాయన కూడా లేడాయె. మీ పక్కనుంచి ఒక్క మొగమనిషన్నా రావద్దా?" అంది మా అత్త.

ఆ మాట గుచ్చుకుంది. పాపకు అంతకు ముందు నెలంతా జ్వరాలు. ఇది తప్పితే రేపు ఏం వచ్చినా నా పుట్టింటి మీదకే వస్తుందని భయం కూడా. డిగ్రీ చదివిన దాన్ని, ఇంత భయమెందుకని అప్పుడు నన్ను నేను అడగలేదు.

ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే తప్ప శిబిరం నుంచి సెలవు ఇవ్వరు. కోచ్‌కు ఫోన్ చేశాను. "మా అమ్మకు బాగాలేదు సార్, ఆస్పత్రిలో చేర్చాం. ఒక్క రోజు పంపండి. తమ్ముడికి మాత్రం చెప్పొద్దు, భయపడతాడు" అన్నాను. ఆయన మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు. "ధైర్యంగా ఉండండమ్మా" అన్నాడు కూడా. తమ్ముడికేమో, చెవులు కుట్టే సంగతి చెప్పే సెలవు అడిగానన్నాను. వాడు నమ్మాడు.

పొద్దున రైల్లో కుప్పంలో దిగి నేరుగా గుడికొచ్చాడు. పాపను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ కదలకుండా పట్టుకున్నాడు. చెవులు కుట్టే ఆచారి సూది తీయగానే పాప గుడి అదిరేలా ఏడ్చింది.

"దీని కన్నా పెనాల్టీ కార్నరే మేలక్కా!" అన్నాడు.

"ఏమప్పా, కట్టె పట్టుకోని ఎగిరేదానికి జీతమిస్తారా ఆడ?" అని మా ఆయన పెద్దమ్మ ఎత్తిపొడిచింది.

"జీతమియ్యరు పెద్దమ్మా. కాళ్ళకు ప్యాడ్లిస్తారు, పండ్లు రాలకుండా హెల్మెట్ ఇస్తారు."

అందరూ నవ్వారు. మా అమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది. అప్పుడే నా ఫోన్ మోగింది. తమ్ముడికి స్కూల్లో స్టిక్ పట్టడం నేర్పిన పీఈటీ సారు.

"యా ఆస్పత్రిలో ఉండారమ్మా? బెంగళూరు నుంచి ఆ సారు ఫోన్ చేసి, పోయి సూసి రమ్మన్నాడు. పండ్లు తీసుకోని వస్తే మీయమ్మ ఇంటికి తాళమేసుండాది. పక్కింటామె, సెవులు కుట్టేదానికి పోయినారంటాంది."

ఆయనే మళ్ళీ అన్నాడు: "మీయమ్మ నవ్వు ఇనపడతాండాది. బాగుండాది కదా, అంతే సాలు." పెట్టేశాడు.

తమ్ముడు సాయంత్రం రైలెక్కేదాకా నాకు టైముంది. స్టేషన్‌లో వాడి పక్కనే నిలబడ్డాను. "జరిగింది ఇదీ, వెళ్ళగానే సార్‌కు నిజం చెప్పు" అని ఒక్క మాట చాలు. వాడి కళ్ళలో నేనెలా కనిపిస్తానోనని ఆ మాట అనలేకపోయాను. దారిలో తినమని ఓళిగల డబ్బా చేతికిచ్చి, జాగ్రత్త అన్నాను.

పది రోజుల తర్వాత జాబితా వచ్చింది. వాడి పేరు లేదు. "చివరి రోజుల్లో గోల్ ముందర కాళ్ళు సరిగ్గా కదల్లేదక్కా" అన్నాడు ఫోన్లో. మా అత్తకూ అదే చెప్పాను.

టోర్నీ మొదలైన రోజు వాడు మా ఇంట్లోనే ఉన్నాడు. పాపను ఒళ్ళో పెట్టుకుని ఫోన్లో మ్యాచ్ చూస్తూ, తన చోట నిలబడ్డ కుర్రాడు బంతి ఆపినప్పుడల్లా "శభాష్‌రా!" అని తొడ చరుచుకుంటున్నాడు. నేను చూడలేక మిద్దె మీదికెక్కి కోచ్‌కు ఫోన్ చేశాను. అబద్ధం నాదని, వాడికేమీ తెలియదని చెప్పాను.

"మీదేనని తెలుసమ్మా, పీఈటీ సారు అప్పుడే చెప్పాడు" అన్నాడాయన. "తిరిగి వచ్చిన రోజు అమ్మకెలా ఉందని అడిగాను. ముందు అర్థం కానట్టు చూశాడు. తర్వాత, తగ్గింది సార్ అన్నాడు. నిజం చెబుతాడేమోనని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే మాట. నా ముఖం మీద అబద్ధమాడేవాణ్ణి దేశం దాటించి ఎలా తీసుకెళ్ళేది? మీరు ఆ రోజే ఫోన్ చేసి ఉండాల్సింది."

కిందికి దిగాను. "యాడికి పోయినావక్కా? మనోళ్ళు గెలిచినారు" అన్నాడు తమ్ముడు. నేను ఎవరితో మాట్లాడి వచ్చానో చెప్పలేదు. సార్‌తో తనెందుకలా చెప్పాడో వాడూ ఇంతవరకూ చెప్పలేదు. ఇది రాయడం పూర్తయ్యాక మొదట వాడికే చదవడానికి ఇవ్వాలి. ఇస్తానని గట్టిగా రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు.