చక్రాలు తట్టే అన్నయ్య

మీ అమ్మ చిన్నప్పుడు బాగ్‌బేరా రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్‌లో ఒకాయన ఉండేవాడు, పిల్లలూ. నేను ఆయన్ని అన్నయ్యా అని పిలిచేదాన్ని. టాటానగర్ యార్డులో రైలు చక్రాలను సుత్తితో తట్టి, మోతను బట్టి పగులు కనిపెట్టడం ఆయన పని. ఇంటికొచ్చినా చెయ్యి ఊరుకునేది కాదు. కుండ కనిపించినా, గుమ్మడికాయ కనిపించినా వేలి కణుపులతో తట్టి, కళ్ళు మూసుకుని వినేవాడు.

ఒక ఆదివారం అందరం ఊరి బయట పాతకాలపు సమాధి రాళ్ళు చూడ్డానికి వెళ్ళాం. అక్కడి హో ఆదివాసీలు ఎప్పుడో తమ పెద్దల ఎముకల మీద, చిన్న రాళ్ళ ఆసరాతో బల్లల్లా నిలిపిన బండలవి. వాన ముంచుకొచ్చింది. మీ అమ్మ ఒక పెద్ద బండ కిందికి దూరింది. అన్నయ్య అలవాటుగా ఆ బండను తట్టి కళ్ళు మూసుకున్నాడు. చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“అమ్మీ, బేగి పిల్లని బయటికి లాగెయ్!”

“ఏటన్నయ్యా, రాయికి కూడా డూటీయేనా?” అని నవ్వుతూనే లాగాను.

“లోపల్నుంచి ఎవులో తిరిగి తట్టేరు.” మీ అమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “నువ్వేనా తల్లీ? నువ్వే కదా?”

“నై మామా,” అని తల అడ్డంగా ఊపింది అది. చెప్పులు తడవకుండా రెండు చేతులా గుండెకు హత్తుకునే ఉంది.

“నువ్వేటైనా ఇన్నావా అమ్మీ?”

వాన చప్పుడే విన్నానన్నాను.

మర్నాడే సుత్తి అప్పగించి, వేరే పని ఇమ్మని అడిగాడట. ఎందుకన్నయ్యా అంటే, నెమ్మదిగా అన్నాడు: “అది లేని సప్పుడైతే నా సెవి పోయినట్టే. రైలుబళ్ళల్లో జనాలుంటారమ్మా. ఉన్న సప్పుడే అయితే, పిల్లని మల్లీ అటేపు తీసుకెళ్ళకు.”