సర్దార్ సదానందం సంతకం

మేమంతా బాపు అని పిలిచే సదానందం నోట్లో నువ్వు గింజ నానదని మా భూపాలపల్లిలో పేరు. నెల్లికుదురు నుంచి ఇరవయ్యేళ్లకే బొగ్గు బాయిలో పనికి వచ్చి, సర్దార్ అయి, రిటైరయ్యాడు. బాయిలో సర్దార్ అందరికంటే ముందు నడవాలి. చేతికర్రతో పైకప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టిది. బోలుగా మోగితే డొల్ల, ఎప్పుడైనా కూలుతుంది. విన్న క్షణాన అరిచి అందర్నీ వెనక్కి పంపాలి.

"డొల్ల ఇని నోరు మూసుకున్నోడు మనిషిని సంపినోడే" అని బాపు వెయ్యిసార్లు చెప్పి ఉంటాడు. ఆయన అరుపుతో బతికినవాళ్లు మా వాడకట్టులోనే ఆరుగురున్నారు. అందుకే మాలో ఎవరు ఇల్లు కట్టుకున్నా, పాలు పొంగించే ముందు బాపు వచ్చి కర్రతో నేల తట్టాల్సిందే. శాస్త్రంలో లేదు గానీ, మా మొండి నమ్మకం అది.

నిరుడు వెంకట్రాజం అనే వ్యాపారి ఊరి చివర, ఎప్పుడో మూతపడ్డ బాయి పక్కన ప్లాట్లు వేశాడు. పాత సొరంగాలు ఎంతవరకు పోయాయో తేల్చడానికి బాపును పిలిపించి, కన్సల్టెంట్ అన్నాడు. ఆ మాటకే మా బాపు ఉబ్బిపోయి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ముందుగా గోప్యత ఒప్పందం అంటూ ఐదు పేజీల కాగితం పెట్టారు. అక్కడ విన్నది కట్టుకున్నదానికి కూడా చెప్పకూడదు. చెబితే కోర్టుకీడ్చి, ఉన్న ఇల్లు రాయించుకుంటారు. బాపు సంతకం పెట్టాడు. మూడు రోజులు ఆ నేలంతా తట్టి తిరిగాడు.

ఆ తర్వాత ఆయనకు మాట పడిపోయినట్టయింది.

"ఏమైంది బాపు?"

"సంతకం పెట్టిన బిడ్డా. అడగకు."

అంత వాగే మనిషి నోటికి తాళం వేసిన ఆ కాగితం మీద నాకు ఒళ్లు మండింది. భయం కూడా వేసింది. అన్నం తింటూ తింటూ ఆగి, తన ఇంటి గచ్చునే వేలితో తట్టి వినేవాడు.

మొన్న మాఘంలో, పాలు పొంగించే ముందు కొత్తింటి నేల తట్టి పొమ్మని వసంతక్క పిలిచింది. బాపుతో బాయిలో పనిచేసి చనిపోయిన ఐలేశ్ భార్య ఆమె. ఇద్దరు ఆడపిల్లలతో అద్దె కొంపలు తిరిగి తిరిగి, చివరికి ఆ ప్లాట్లలోనే రెండు గదులు వేసుకుంది. కింద డొల్ల ఉందంటే బాపు ఇల్లు పోతుంది. లేదంటే వసంతక్క పిల్లలు పోతారు. పోవద్దు బాపూ అని బతిమాలాను. వినలేదు. నేనూ వెంట వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం. గల్లీలో అన్నీ కొత్త ఇళ్లే. ఒక్క ఇంట్లోనూ టీవీ మోత లేదు. జనం గుమ్మాల్లో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. పిల్లలు కూడా పరిగెత్తడం లేదు. అందరూ చెప్పులు విప్పి, పసిబిడ్డ నిద్రపోతున్న ఇంట్లోలా అడుగులు వేస్తున్నారు.

ముందు గది గట్టిగానే మోగింది. లోపలి గది మధ్యలో బాపు ఒక్కసారి తట్టాడు. మోత ఆగలేదు. కిందికి, ఇంకా కిందికి పోయింది. చాలాసేపటికి అది కింది నుంచి తిరిగొచ్చింది. బాపు తట్టింది ఒక్కసారి. వచ్చింది రెండుసార్లు.

ఆయన నా వైపు చూశాడు. కాగితం గుర్తొచ్చిందని తెలిసిపోయింది. మరుక్షణం వసంతక్క వైపు తిరిగి, బాయిలో అరిచినట్టే అరిచాడు.

"కింద డొల్ల చెల్లె! పిల్లల్ని తీస్కొని బయటికి నడువు!"

ఆమె కదల్లేదు. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మెల్లగ మాట్లాడు అన్నా. డొల్ల అని నాకెర్కే. ఈ గల్లీల అందరికెర్కే. అగ్గువ ధరకు ఇచ్చి, ఎవ్వలకు చెప్పొద్దని మాతోని గూడ సంతకాలు పెట్టించుకున్నరు."

"మరి నన్నెందుకు పిలిసినవ్?"

చిన్నపిల్ల పాలగిన్నె పట్టుకొని మునివేళ్ల మీద లోపలికి వచ్చింది. వసంతక్క దాని తల నిమిరింది.

"ఈ నేల ఎన్నేండ్లు ఆగుతదో సర్దార్‌వు నువ్వు చెప్తవని. ఇది పదో తరగతి పాసయ్యేదాకన్న ఆగుతదా అన్నా?"