కళ్లంలో కొలవని రెండు కుంచాలు

విశాఖలో ఉండే మా మనవరాలు కుక్కపిల్లను పెంచుతోంది. దానికి బీమా కట్టడం దండగా కాదా అని మొన్న నన్నడిగింది. ఏడాదంతా దానికి జలుబైనా చేయకపోతే కట్టిందంతా గంగలో పోసినట్టే కదా తాతా, అంది. సరిగ్గా అదే మాట, ఇంకాస్త పొగరుగా, పాతికేళ్లు నిండకముందు నేను పదిమంది ఎదుట అన్నాను.

అరవైల చివరి మాట. మా ఊళ్లో గొడ్లకు వైద్యం చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. మందుకు డబ్బు పుచ్చుకుంటే ఆ మందు పనిచేయదని ఆయన నమ్మకం. అందుకని వైద్యం చేసిన రోజున ఆయన చేతిలో ఎవరూ ఏమీ పెట్టేవారు కాదు. దానికి బదులు నూర్పులయ్యాక ప్రతి ఇంటివాళ్లూ కళ్లంలోనే ఆయనకు రెండు కుంచాల ధాన్యం కొలిచేవారు. ఆ ఏడు గొడ్డుకు రోగం వచ్చినా సరే, రాకపోయినా సరే.

నాన్న పోయాక కళ్లం నా చేతికొచ్చిన మొదటి ఏడు అది. ఎస్సెల్సీ పాసైనవాణ్ణి, నాకన్నా తెలివైనవాడు లేడన్న తిమ్మిరి ఒకటి ఒళ్లంతా ఉండేది. గోనె పట్టుకుని వచ్చిన ఆ పెద్దాయనతో, "మూడేళ్లయి మా గొడ్ల సాలలో నువ్వు అడుగెట్టిందే నేదు. దేనికి కొలవాలి తాతా?" అన్నాను. పక్క కళ్లంవాళ్లు నవ్వారు కూడా. ఆయన ఖాళీ గోనె మడిచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను గెలిచాననుకున్నాను. అమ్మ మాత్రం ఆ పూట నాతో మాట్లాడలేదు.

రెండు నెలలు తిరక్కుండానే ఒక తెల్లవారుజామున మా ఎర్రావు పలుపు తెంపుకుని, పచ్చిమేతకని చల్లిన, మంచుకు తడిసిన పిల్లిపెసర చేలో పడి కడుపారా మేసేసింది. నాన్న ఆఖరిసారి బొబ్బిలి సంతలో కొని తెచ్చిన పెయ్య అది. దానికి కుడితి పెట్టనిదే అమ్మ గంజి తాగేది కాదు. పొద్దెక్కేసరికి దాని ఎడమ డొక్క డప్పులా ఉబ్బిపోయింది. ఊపిరాడక మెడ చాచి నిలబడింది.

వైద్యుడి ఇల్లు మాకు నాలుగిళ్ల అవతల. "ఎల్లి తాతని పిలు, గొడ్డు పోతాదిరా" అంది అమ్మ. ఏ మొహం పెట్టుకుని పిలవను? ఆయన రాడేమోనని కాదు నా భయం, వస్తాడనే. వస్తే కళ్లంలో నవ్విన వాళ్లే నన్ను చూసి నవ్వుతారు. ఆయన్ని పిలిస్తే నా మీద ఒట్టేనని అమ్మతో అనేసి, సైకిలెక్కి ఆరు మైళ్ల అవతలున్న పశువుల ఆసుపత్రికి పోయాను. పెద్ద డాక్టరునే తెస్తున్నాను కదా అని దారంతా నాకు నేను చెప్పుకున్నాను.

పాపం, ఆ డాక్టరు మంచివాడు. కాఫీ అయినా తాగకుండా సంచి సర్దుకుని నా వెంట సైకిలెక్కాడు. ఎప్పుడు మేసింది, ఎంత ఉబ్బింది అని దారిలో అడిగాడు. కడుపుబ్బరానికి ఆలస్యం పనికిరాదని, వామూ నూనే పోసే మనిషైనా మీ ఊళ్లో లేడా అని అడిగాడు. లేడన్నాను. ఆ అబద్ధం తలచుకుంటే ఇవాళ్టికీ నా మీద నాకే అసహ్యం.

మేం చేరేసరికి ఆవు పడిపోయి ఉంది. దాని తల ఒళ్లో పెట్టుకుని ముసలాయన కూర్చున్నాడు. పక్కన మందు పోసే వెదురు గొట్టం, మోచేతుల దాకా నూనె. నేను పోయిన చాలాసేపటికి అమ్మ నా ఒట్టు తీసి గట్టున పెట్టి, అప్పటికే ఆయన పొలం పోయి ఉంటే అక్కడికి పరిగెత్తిందట. డాక్టరు ఆవు కనురెప్ప ఎత్తి చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఆ గొట్టాన్నీ, ఆ నూనె చేతుల్నీ చూసి, నా వంక చూశాడు. నాకు చచ్చిపోవాలనిపించింది.

ముసలాయన ముందు చతికిలబడి, కుంచాలు కొలవలేదు కనుక మొహం చెల్లక పిలవలేదని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీ అయ్య ముప్పయ్యేళ్లు కొలిసినాడురా. ఆ గింజలు తినే నా పిల్లలు పెరిగినారు. నువ్వొక్క ఏడు కొలవకపోతే అవి ఎక్కడికి పోతాయేటి? నాలుగిళ్ల అవతలే ఉన్నాను కదరా" అన్నాడు.

మరుసటి ఏడు పాత బాకీ కలిపి నాలుగు కుంచాలు కొలిచాను. ఆయన రెండే గోనెలో పోసుకుని, మిగతా రెండూ కళ్లంలోనే వదిలేశాడు. పోయినేడు మీ ఆవుని బతికించలేదు కదా, దానికి గింజలెందుకన్నాడు.

బీమా కట్టేయమని మనవరాలికి చెప్పాను. ఎందుకు తాతా అంది. మాట మార్చేశాను.