రెండు రూపాయల కడెం

మొన్న ఆదివారం నిజామాబాద్‌లోనే ఉన్న మా అన్న ఇంటికి భోజనానికి పోతే, చేతులు కడుక్కోకముందే ముందు గదిలో పెద్ద పంచాయితీ మొదలైంది. అన్న మనవరాలు, ఆరో తరగతి పిల్ల, ఫోన్లో ఆడుకునే ఆటలో తన బొమ్మకు నీలిరంగు అంగీ ఒకటి కావాలట, దానికి మూడు వందల చిల్లర కట్టాలట. ఆ అంగీ తొడిగితే బొమ్మ ఇంకా వేగంగా ఉరుకుతుందా అంటే ఉరకదు, దెబ్బలు తగలకుండా ఉంటాయా అంటే అదీ లేదు, ఊరికే చూడడానికి బాగుంటుంది, అంతే. మా అన్న కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, లేని మనిషికి లేని అంగీ కొనుడేంది, పసిపిల్లల దగ్గర గుంజుకునే ఈ కంపెనీలకు సిగ్గు శరం లేదా అని గొంతు చించుకుంటున్నాడు. పిల్ల మూతి ముడుచుకుని, నువ్వే చెప్పు అవ్వా అని నా దిక్కు తిరిగింది. నాకు నవ్వు ఆగలేదు. లేని మనుషులకు లేని సొమ్ములు అమ్మడంలో బోధన్ పట్టణానికి మొదటి వ్యాపారి మా అన్నే అయితే, ఆ సొమ్ములు తొడిగిన చెయ్యి నాది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా బాపు కడెం గురించి చెప్పాలి. మా ఊరు బోధన్‌కు ఎడ్లబండి మీద పోతే రెండు గంటల దారి. బాపు చెరుకు రైతు, అంతకంటే ముందు పైల్వాన్. మా దిక్కు జాతర అంటే కుస్తీలే కదా. మొదట చిన్నపిల్లలు పడతారు, గెలిచినవాడికి టెంకాయ. ఆ తర్వాత కొంచెం పెద్దవాళ్ళు, వాళ్ళకు ఐదో పదో. పొద్దు వాలేసరికి దెగ్లూర్ దిక్కు నుంచి వచ్చిన మరాఠీ పైల్వాన్లు కూడా లంగోటీ బిగించి దిగితే, ఒకరినొకరు పడగొట్టుకుంటూ పోయి ఆఖరికి ఒక్క జోడు మిగులుతుంది. ఆ ఆఖరిది కడెం కుస్తీ. గెలిచినవాడి చేతికి ఊరిపెద్దలు జనమంతా చూస్తుండగా వెండి కడెం తొడుగుతారు. గెలవనివాడు కడెం వేసుకోవడమన్నది మా దగ్గర ఉండేది కాదు, ఎంత ఉన్నవాళ్ళ పిల్లగాడైనా సరే, వేసుకుని బజారుకు వస్తే ఎవరో ఒకరు రా పడదాం అని భుజం చరిచేవారు, అప్పుడు పరువు మట్టిలో కలిసేది.

బాపు తన కడెం నేను పుట్టకముందు గెలిచాడట. నాకు ఊహ తెలిసినప్పటినుంచి అది లేని ఆయన చెయ్యి నేను చూడలేదు. చెరుకు కొట్టేటప్పుడు ఆకు కోసి చెయ్యంతా గీతలు పడేది కానీ కడెం కింద చర్మం మాత్రం తెల్లగా, మెత్తగా ఉండేది. చిన్నప్పుడు ఆయన పక్కన కూర్చున్నానంటే చాలు, దాన్ని చేతి చుట్టూ గుండ్రంగా తిప్పుతూ ఉండేదాన్ని, ఆయన ఎంత పనిలో ఉన్నా ఆ చెయ్యి నాకు వదిలేసేవాడు.

నేను ఇంటర్ అయిపోయి ఇంట్లో ఊరికే ఉన్న రోజుల్లో అన్న హైదరాబాద్‌లో ఎక్కడో వీడియో గేమ్‌ల దుకాణం చూసి వచ్చాడు. ఇక తిండి లేదు, నిద్ర లేదు, అదే ముచ్చట. వాడిన మిషన్ ఒకటి అగ్గువకు బేరం చేశాడు, టీవీ మా ఇంట్లోదే, బోధన్ బస్టాండ్ దగ్గర దుకాణానికి కిరాయి మడిగె కూడా చూశాడు, కానీ మడిగె అడ్వాన్స్‌కు కొంత తక్కువ పడింది. రెండు రోజులు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. మూడో రోజు పొద్దున బాపు బాయి కాడ కూర్చుని, చేతికి సబ్బు రుద్దుకుని, పళ్ళు బిగబట్టి, ఆ కడెం తీసి అన్న చేతిలో పెట్టాడు. వయసుతో చెయ్యి లావెక్కి అది అంత తొందరగా రాలేదు. "తీస్కపో కొడుకా, మీరు ఇద్దరు నిలవడితే సాలు నాకు" అన్నాడు. అన్న ఏడ్చాడు, నేనూ ఏడ్చాను, ఆ మధ్యాహ్నమే అన్న దాన్ని అమ్మి మడిగె తాళం చెవితో తిరిగి వచ్చాడు.

నా ఈడు వాళ్ళకు అప్పటి బోధన్ గుర్తుండే ఉంటుంది. సీజన్ మొదలైందంటే ఊరంతా చెరుకు పాకం వాసన, ఫ్యాక్టరీ గేటు నుంచి మొదలుపెట్టి రోడ్డు పొడుగునా చెరుకు బండ్ల వరుస, చేతిలో చిట్టీ పట్టుకుని తన వంతు ఎప్పుడొస్తుందా అని ఒకటి రెండు రోజులు అక్కడే వండుకు తినే రైతులు. వాళ్ళకు పొద్దు పోవాలి, మాకు గిరాకీ కావాలి. బడి పిల్లలతో పాటు రుమాలు చుట్టుకున్న పెద్దమనుషులు కూడా మా బెంచీ మీద వరుసగా కూర్చుని తమ వంతు కోసం చూసేవాళ్ళు, అక్కడా వరుసే, ఇక్కడా వరుసే అని వాళ్ళలో వాళ్ళే నవ్వుకునేవాళ్ళు.

మా దుకాణంలో అందరికీ ఇష్టమైన ఆట కుస్తీ ఆట. అది ఒక్కటే ఆట కాదు, ఏటా కొత్తది వచ్చేది, కొత్తది వచ్చినప్పుడల్లా అందులో బొమ్మను మన ఇష్టం వచ్చినట్టు తయారు చేసుకునే అవకాశం ఇంకొంచెం పెరిగేది. ఇంగ్లీషు చదవగలిగింది నేనే కాబట్టి ఆ పని నాకు పడింది. రంగు మార్చి, జుట్టు కత్తిరించి, మీసం పెట్టి, ఆ దొరల కుస్తీగాళ్ళను మన ఊరి మనుషులుగా చేసేదాన్ని. పిల్లలు తమ పైల్వాన్‌కు తమ పేరే పెట్టుకుని, మరుసటి రోజు వచ్చి అతను క్షేమంగా ఉన్నాడో లేడో చూసుకునేవాళ్ళు. ఒకరోజు మణికట్టుకు వేసే పట్టీకి వెండి రంగు వేస్తే అచ్చం కడెం లాగే ఉంటుందని కనిపెట్టింది కూడా నేనే. ఆ తెలివి నాకు ఎందుకు పుట్టిందో మీకు వేరే చెప్పనక్కరలేదు, కళ్ళ ముందు ఎప్పుడూ ఆ బోడి చెయ్యే ఉండేది.

అన్న దాన్ని చూసి, చూసీ చూడగానే ధర కట్టాడు. అంగీకి రూపాయి, మీసానికి రూపాయి, కడేనికి రెండు రూపాయలు. పిల్లలు ఎగబడ్డారు. కడెం వేస్తే దెబ్బ గట్టిగా పడుతుందని ఒకడు పుకారు పుట్టించాడు, అది అబద్ధమని అన్నకు తెలుసు, నాకూ తెలుసు, ఇద్దరం నోరు మూసుకున్నాం. బెంచీ మీద పెద్దవాళ్ళు ఒక్కోసారి వాదన పెట్టుకునేవాళ్ళు, రంగుకు పైసలేందని కొందరు, ముచ్చట పడ్డప్పుడు ఇస్తే తప్పేందని కొందరు. నేను మాత్రం చకచకా కడేలు తొడుగుతూ పోయాను. మడిగె కిరాయి కష్టం లేకుండా ఎల్లుతుంటే మనసుకు వేరే ఆలోచన రాదు.

అట్లా ఉండగా బాపు చెరుకు బండి తోలుకొచ్చి, దాన్ని వరుసలో నిలిపి, మొదటిసారి మా దుకాణానికి వచ్చాడు. కాళ్ళు కడుక్కుని, చెప్పులు బయట విడిచి, గుడికి వచ్చినట్టు లోపలికి వచ్చాడు. టీ తెప్పించాను. తెర మీద ఇద్దరు పిల్లల పైల్వాన్లు పడుతున్నారు, ఇద్దరి చేతులకూ కడేలు మెరుస్తున్నాయి. బాపు ముఖం వెలిగిపోయింది. ముందుకు వంగి పక్కనున్న పిల్లగాణ్ణి అడిగాడు.

"ఏ జాతరల గెలిసిండు బిడ్డా నీ పైల్వాన్?"

"గెలుసుడేంది తాతా? రెండు రూపాయలిస్తే అక్కనే ఏస్తది."

బాపు ఒకసారి నా దిక్కు చూశాడు, అందులో కోపం ఉంటే నేను తట్టుకునేదాన్ని. తర్వాత కుడిచేత్తో ఎడమ మణికట్టును, ఆ తెల్లటి మచ్చను, మెల్లగా రుద్దుకున్నాడు. టీ పూర్తిగా తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బండి కాడ ఎడ్లు ఒక్కటే ఉన్నయని లేచి వెళ్ళిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన గెలిచిన కడెం అమ్మి పెట్టిన దుకాణంలో కూర్చుని నేను ఎవరూ గెలవని కడేలు అమ్ముతున్నాను.

ఆ సాయంత్రమే ఒక్కొక్కరి బొమ్మనూ తెరిచి కడేలన్నీ తీసేశాను. డబ్బులు కట్టిన పిల్లలు లొల్లి చేస్తే వాళ్ళకు ఆ లెక్కన ఆట ఎక్కువ ఇచ్చాను. అన్న వచ్చి చూసి, సంగతి విని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"గది బొమ్మ. దాని చేతికున్నది ఉత్త రంగు. దానికి బాపుకేమయితది?"

"ఉత్త రంగయితే పైసలెందుకు తీసుకుంటున్నవే అన్నా?"

వారం రోజులు మా ఇద్దరికీ మాటల్లేవు. ఆఖరికి నా పంతమే నెగ్గింది, అంగీలు మీసాలు అన్న ఇష్టం, కడెం మాత్రం నాది. ఆదివారం ఆదివారం దుకాణంలో జాతర పెట్టాను. మొదటి జోడుకు నిజమైన టెంకాయ, గెలిచినవాడు దాన్ని అక్కడే కొట్టి అందరికీ ముక్కలు పంచాలి. ఆఖరి జోడులో గెలిచినవాడి బొమ్మకే అందరి ముందర కడెం తొడిగేదాన్ని, అది మళ్ళీ ఆదివారం వరకు. కొందరు పిల్లలు అలిగి మానేశారు, రాబడి తగ్గింది, నిజం చెప్పాలి. కానీ ఆ కడెం తొడిగేటప్పుడు బెంచీ మీద పెద్దమనుషులు కూడా ఊపిరి బిగబట్టి చూసేవాళ్ళు.

తప్పు దిద్దుకున్నానని అనుకున్నాను కానీ నా బుద్ధి అంత తొందరగా మారలేదు. ఏడాది పాటు నా వంతు పైసలు దాచి, నిజామాబాద్ బజారుకు వచ్చి, అంచున గోధుమ గింజల చెక్కుడున్న బరువైన వెండి కడెం ఒకటి కొన్నాను. ఉగాది నాడు బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని అరచేతిలో తూచి చూసి, "మస్తుగుంది బిడ్డా" అని నా నెత్తి మీద చెయ్యి పెట్టి, తీసుకుపోయి పెట్టెలో పెట్టాడు. ఇవాళ తొడుక్కుంటాడు, రేపు తొడుక్కుంటాడని చూశాను. తొడుక్కోలేదు. నాకు లోపల లోపల చాలా కష్టమైంది, ఒకరోజు అన్నం కూడా తినలేదు.

ఆ ఏడు మా ఊరి జాతరలో కడెం కుస్తీ అయిపోయింది. గెలిచినవాడు మరాఠీ పిల్లగాడు, ఒళ్ళంతా ఎర్రమన్ను, వగరుస్తూ నిలబడ్డాడు. ఊరిపెద్ద పళ్ళెంలో కడెం పట్టుకొచ్చాడు. గోధుమ గింజల చెక్కుడు. అది నేను కొన్నదే. బాపునే పిలిచి తొడగమన్నారు. బాపు ఆ పిల్లగాని చెయ్యి తన అంగీతో తుడిచి, కడెం ఎక్కించి, ఆ చేతిని పైకి ఎత్తి చాలాసేపు దింపలేదు. ఆ పిల్లగాడు ఆయన కాళ్ళు మొక్కాడు. డప్పుల చప్పుడులో బాపు జనాన్ని తోసుకుంటూ ఆడవాళ్ళ దిక్కు, నా దగ్గరికి వచ్చాడు.

"ఇగ ఇప్పుడైంది బిడ్డా అది కడెం" అన్నాడు.

నా కోపమంతా అక్కడే కరిగిపోయింది. ఆ తర్వాతి సీజన్‌లో ఆయన దుకాణానికి వచ్చినప్పుడు తెర మీద ఆయన్నే తయారు చేశాను, బుర్రమీసాలు, ఎర్ర లంగోటీ, అన్నీ. నువ్వు నిజంగా గెలిచినవాడివి కదా, కడెం పెట్టనా అని అడిగితే వద్దన్నాడు. చెయ్యి ఖాళీగా ఉంటేనే ఇంకో కుస్తీ పట్టబుద్ధి అయితదని నవ్వాడు. ఎనిమిదేళ్ళ పిల్లగాడి చేతిలో మొదటి జోడులోనే ఓడిపోయి, టెంకాయ ముక్క తింటూ బండి దగ్గరికి పోయాడు.

ఇదంతా చెప్పేసరికి మనవరాలు ఫోన్ పక్కన పెట్టేసింది. నువ్వు అమ్మినవా తాతా అని అన్నను సూటిగా అడిగింది. అన్న లేచి లోపలి గదిలోకి పోయాడు. తప్పించుకున్నాడనుకున్నాను. కాసేపటికి చిన్న గుడ్డ మూట తెచ్చి నా ఒళ్ళో వేశాడు. విప్పితే మా దుకాణం మెమరీ కార్డు, నేను చేసిన బొమ్మలన్నీ దాచిపెట్టిన, అగ్గిపెట్టెలో సగమంత నల్ల ముక్క. దుకాణం మూసేసినప్పుడు మిషన్‌తో పాటే పోయిందనుకుని నేను దానికోసం ఎంత ఏడ్చానో అన్నకు తెలుసు. బాపు ఉన్నడు కదా అందులో, ఎట్ల పారేస్తనే అన్నాడు, నా ముఖం చూడకుండా.

నీలి అంగీ సంగతి ఏమైందంటే, పిల్ల దాన్ని ఆడి గెలుచుకునే దారి కూడా ఉందట, అయితే వేసవి సెలవులంతా పడుతుందట. చూస్తా అంది. కొన్నా నేనేమీ అనను, అనే హక్కు నాకు లేదు. నా బెంగ వేరు. ఆ రోజు నేను అమ్మింది తప్పని నాకు ఎవరూ చెప్పలేదు, బాపు అదే బెంచీ మీద కూర్చుని మణికట్టు రుద్దుకుంటే చూశాను, అంతే. ఇప్పుడు ఈ అంగీలు అమ్మేవాళ్ళ దుకాణంలో బెంచీ లేదు, ఆ బెంచీ మీద వాళ్ళ బాపు లేడు, కొన్న పిల్లల ముఖం వాళ్ళకు కనపడదు, వాళ్ళ ముఖం ఈ పిల్లలకు కనపడదు.

ఆ కార్డు పెట్టి చూడడానికి అట్లాంటి మిషన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో తెలియదు. మనవరాలు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసి, మళ్ళీ జాగ్రత్తగా గుడ్డలో చుట్టింది. అందులో మా బాపు ఉన్నాడు, ఎర్ర లంగోటీ బిగించి, చెయ్యి ఖాళీగా, ఇంకో కుస్తీకి తయారుగా.