బేతంచెర్ల బండ మీద గొర్రెల మంద

"షీప్స్" అన్నందుకు క్లాసులో అందరూ నవ్వారని, మా పాప ఇంగ్లీషు పుస్తకం ముట్టనంది.

నా ఈడువాళ్లకు గుర్తుందా? మనం ఇంగ్లీషు నేర్చింది ఇంట్లో పరిచిన బేతంచెర్ల బండల మీదే. సుద్దముక్కతో మౌస్‌కు మైస్, గూస్‌కు గీస్ అని రాసుకుంటుంటే అమ్మ తడిగుడ్డతో వచ్చేది. "లేయండ్రా, నేల తుడవాల! మీ చదువులు ఈడే కావాల్నా?" తడిసిన సుద్ద వాసన ఇంకా ముక్కులోనే ఉంది.

ఇప్పుడన్నీ టైల్సే, సుద్ద పడదు. వాకిట్లో మిగిలిన పాత బండ మీద గొర్రెల మంద గీశాను. "ఒకటైనా షీపే, మందైనా షీపేనంట. మరి హౌస్‌కు హైస్ ఎందుకు కాదో ఆ నవ్వినోళ్లనే అడుగు," అన్నాను. పాప పకపకా నవ్వి సుద్ద లాక్కుంది.

అంతలో అమ్మ బకెట్‌తో వచ్చింది. అలవాటుగా లేవబోయాను.

"కూర్చోప్పా, ఆ బండ రేపు కడుగుతాలే," అని చుట్టూ మాత్రమే నీళ్లు చల్లింది.