అంబలి తాగే పిల్లకి రక్తం లేదట

నాన్నకి కడుపులో పుండు ఆపరేషన్ చెయ్యాలన్నప్పుడు మేమెవరం పెద్దగా భయపడలేదు. రక్తం కావాలి, ఇంట్లోవాళ్ళు ఇస్తే మంచిదన్నారు. అదీ మాకు పెద్ద సంగతిగా తోచలేదు. అన్న అప్పటికే లోకో షెడ్‌లో పనికి కుదిరాడు. నేను కాలేజీలో చదువుతున్నాను. అంబలి తాగి పెరిగిన పిల్లలని మా రైల్వే క్వార్టర్ల లైనంతా మాకు పేరు.

అమ్మది శ్రీకాకుళం వైపు. రైలు పాసు మీద ఆ వైపు ఎవరు వెళ్ళినా మాకు చోళ్ళ మూట రావలసిందే. బయటివాళ్ళు రాగులంటారు, మా ఇంట్లో చోళ్ళే. పొద్దున్న అంబలి, సాయంత్రం చోడిపిండి రొట్టె. బిలాస్‌పూర్‌లో పుట్టి పెరిగిన మాకు తెలుగు చదవడం సరిగా రాదు గానీ, చోళ్ళు తింటే ఉక్కులా ఉంటారన్న మాట మాత్రం నోటికొచ్చు.

ఆస్పత్రిలో వేలి మీద సూదితో పొడిచి, ఆ రక్తపు బొట్టుని గ్లాసులోని నీలం నీళ్ళలో వదిలారు. అన్న బొట్టు గులకరాయిలా అడుక్కి పోయింది. నాది పైనే తేలింది. పరీక్ష చేసే ఆయన ఇంకో వేలు పట్టుకున్నాడు. అదీ తేలింది.

"నీ దగ్గర తీసుకోం బేటీ. నీకే రక్తం తక్కువ" అన్నాడు హిందీలో.

బల్ల మీద కూర్చున్న అమ్మ ఒక్క ఉదుటున లేచింది.

"ఏటీ? నా పిల్లకి రక్తం లేదా? పొద్దున్నే చెంబుడు అంబలి తాగుతాది! మరోపాలి చూడమను!"

ఆ గొడవకి పక్క గదిలోంచి డాక్టరమ్మ వచ్చింది. బెంగాలీ ఆవిడ, నెమ్మదస్తురాలు. నా కింది కనురెప్ప లాగి చూసింది. ఓవర్‌బ్రిడ్జి మెట్లెక్కితే ఆయాసం వస్తోందా అని అడిగింది. వస్తోంది. ఎక్కువ చదవడం వల్లనుకున్నాం. ఏం తింటావని అడిగితే నేను నోరు తెరిచేలోపు అమ్మే తన వచ్చీరాని హిందీలో గొప్పగా అన్నీ చెప్పింది.

"అచ్ఛా. తిండితో పాటు ఏం తాగుతుంది?"

"టీ. చదువుకునే పిల్ల కదమ్మా. అంబలి పక్కనా టీయే, రొట్టెలోకీ టీయే. చిక్కగా నేనే పెట్టి ఇస్తాను."

"అబ్బాయికి?"

"ఆడికి టీ పడదు. అంబలిలో నిమ్మకాయ పిండుకుని పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటాడు. షెడ్‌లో ఇక్కడోళ్ళు చద్దన్నం అలాగే తింటారంట. ఆళ్ళని చూసి మరిగాడు."

డాక్టరమ్మ అమ్మని పక్కన కూర్చోబెట్టుకుంది. గింజల్లో ఇనుము ఉన్నా అంత సులువుగా ఒంటికి పట్టదనీ, నిమ్మ, ఉసిరి, పచ్చిమామిడి లాంటి పులుపు తోడైతే పడుతుందనీ, తిండితో పాటు టీ తాగితే ఆ కాస్తా పట్టకుండా పోతుందనీ చెప్పింది.

ఒకే కుండలోది తాగాం, అన్నా నేనూ. అమ్మ మొహం పాలిపోయింది.

"అయితే నా చేత్తో నేనే పాడుచేసినానా?"

"అదొక్కటే కాదమ్మా. ఆడపిల్ల, నెల నెలా కొంత పోతుంది. మాత్రలు ఇస్తాను" అని డాక్టరమ్మ, మాట్లాడుతూనే అమ్మ కనురెప్ప కూడా లాగి చూసింది. వెంటనే అమ్మ వేలూ పొడిపించింది.

అమ్మ రక్తం నాకంటే చాలా తక్కువ. ఇలా ఉండి ఇంటిపని ఎలా చేస్తున్నావని డాక్టరమ్మ అడిగితే, అందరూ తిన్నాక మిగిలిన రొట్టె టీలో ముంచుకు తింటానని, అదేదో మామూలు సంగతన్నట్టు చెప్పింది. అన్న తల దించుకున్నాడు. రోజూ ఆ ఇంట్లోనే తింటూ మేమెవరం అది చూడలేదు.

అన్న, షెడ్ మనిషి ఒకాయన కలిసి రక్తమిచ్చారు. నాన్న ఆపరేషన్ బాగానే జరిగింది. ఇంటికొచ్చాక మంచం మీంచే, "టీ తరవాత, ముందు తిండి" అని రోజూ కేకలు వేసేవాడు.

"టీ కూడా మానేస్తే నాకింక ఏటి మిగిలింది?" అని అమ్మ విసుక్కునేది. అయినా మాత్రలు మింగింది. టీని తిండికి దూరంగా జరిపింది. మొలకెత్తితే ఇనుము బాగా పడుతుందని డాక్టరమ్మ చెప్పడంతో చోళ్ళు నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి పట్టించింది. దగ్గర్లోని కోటా ఊరి వైపునుంచి వచ్చే కూరగాయలామె దగ్గర ఉసిరికాయలు కొని ముక్కలు కోసి మా కంచాల్లో వేసేది. కొన్ని నెలలకి ఇద్దరికీ రక్తం పట్టింది.

ఒక మధ్యాహ్నం వంటింట్లో నిమ్మకాయలు కోస్తూ కోస్తూ అమ్మ కత్తిపీట మీంచి లేచి గోడకి చేరగిలబడింది. నేను కంగారుపడి దగ్గరికెళ్ళాను.

"మా అప్ప ఉండీది. నాకన్నా పెద్దది" అంది.

అమ్మకి అక్క ఉండేదని నాకు అప్పటిదాకా తెలీదు.

"రెండో కానుపుకి రక్తం బాగా పోయింది. బాలింత పులుపు తింటే చీము పడతాదని మా పెద్దోళ్ళు ఏదీ ముట్టనిచ్చీవోరు కాదు. నిమ్మకాయ లేదు, ఆకుకూర లేదు. ఉత్తి అన్నం, కారప్పొడి. తెల్లగా సున్నంలా అయిపోయింది. పచ్చడి ఒక్క ముద్ద పెట్టవే అని నన్ను బతిమాలీది. పథ్యం చెడితే చచ్చిపోతాదని నేనే పెట్టలేదు."

నిమ్మకాయ తింటే ఆవిడ బతికేదో లేదో నాకు తెలీదు. తరవాత డాక్టరమ్మని అడిగితే ఆవిడా చెప్పలేనంది. ఆ రోజు మాత్రం పొయ్యి మీద పప్పు మాడిన వాసన వచ్చేదాకా ఇద్దరం అలాగే నిలబడిపోయాం.