ఉత్తరానికి బాణం

మాచర్లలో మా పక్కింట్లో బట్టలు కుట్టే చెల్లెమ్మ కొడుకతను. ఎనభైల్లో పెద్ద చదువుకు పోయి, సెలవులకొచ్చినప్పుడల్లా కాలవ పక్క కుంటలో దిగి బురద తీసేవాడు. నాకు మొండివాళ్లంటే గిట్టదు, అతనంటే మాత్రం ఇష్టం. ప్లాస్టిక్ గొట్టాన్ని అడుగు మట్టిలో గుచ్చి, మూత బిగించి, దిక్సూచి చూసి మూత మీద ఉత్తరానికి బాణం గీసేవాడు. గీయందే పైకి లాగేవాడు కాదు.

“ఒరేయ్, బురదకి దిక్కేందిరా?” అన్నాను ఒకసారి.

“కంటికి కనపడని పురుగులుంటయ్ మామా ఇందులో. ఒంట్లోనే అయస్కాంతం నలుసులు తయారుచేసుకుని, వాటితోనే దారి పట్టుకుంటయ్. పురుగు చచ్చినా నలుసులు మట్టిలో ఉత్తరం చూపిస్తానే ఉంటయ్.”

“పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోనన్నా పోద్దంటారు. దీనికి అదీ లేదే!”

పడీపడీ నవ్వాడు.

“మరి ఇంటికి మోసేటప్పుడు గొట్టం తిరిగిపోదా?”

“గుర్తు గీశాక ఎటు తిప్పినా ఏం గాదు మామా. తీసినప్పుడు ఉత్తరం ఎటుందో బాణమే చెప్తది.”

ఆ వానాకాలమే కామెర్లు అతన్ని తీసుకుపోయాయి. కాలేజీకి చేరాల్సిన చివరి గొట్టం కుట్టుమిషను పక్కనే నిలబడిపోయింది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా అది కదిలేది. చెల్లెమ్మ చీపురు పక్కన పెట్టి, బాణాన్ని మళ్లీ ఉత్తరానికి తిప్పేది.

“సరిగ్గా ఉందా అన్నా? అటూ ఇటూ అయితే వాడి పనంతా చెడిపోద్ది,” అంది ఒకనాడు.

ఎటు తిప్పినా ఏం గాదని అతను చెప్పిన మాట నా నోటిదాకా వచ్చింది. వంగి, గొట్టాన్ని ఇంకొంచెం జరిపాను.

“ఇప్పుడు సరిగ్గా ఉందమ్మా.”